మోటారు ఇంజను మొర మాన్పిన మిడ్జ్లీ

బరువెక్కించుకొని ఘాట్ రోడ్డు ఎక్కే మోటారు బండి ఒక్కొక్కప్పుడు విచిత్రంగా మొరపెట్టుకొంటుంది. డ్రైవరు ఆక్సిలరేటరును అదిమినకొద్దీ వేగం పెరగదు సరికదా, ఇంజను లోపల కంసాలి చిన్న సుత్తితో రేకును కొడుతున్నట్లు టకటకమని ఒక లోహధ్వని బయలుదేరుతుంది. దారి చదునై భారం తగ్గగానే ఆ ధ్వని తనంతట తానే అణగిపోతుంది. మోటారు షెడ్లలో దీనిని నాకింగ్ అంటారు. చేయి తిరిగిన మెకానిక్కు బానెటు ఎత్తకముందే చెవితో దీనిని పోల్చుకొంటాడు. కనెక్టింగ్ రాడ్డు బేరింగు అరిగినప్పుడు వచ్చే చప్పుడు బరువుగా, లోతుగా ఉంటుంది. ఇంధనం సరిపడక వచ్చే చప్పుడు సన్నగా, గలగలమని, భారం మీద మాత్రమే వినవస్తుంది. మొదటిదానికి ఇంజను విప్పక తప్పదు. రెండవదానికి సాధారణంగా అంత ప్రయాస అక్కరలేదు.

ఈ రెండవ చప్పుడు వెనుక ఒక మనిషి జీవితమంతా ఉన్నది. దాని మూలాన్ని పట్టుకొన్నవారిలో అమెరికా దేశస్థుడు థామస్ మిడ్జ్లీ ముఖ్యుడు. దానికి మందు కనిపెట్టినవాడూ ఆయనే. బ్రతికి ఉన్నంతకాలం శాస్త్రలోకం ఆయనకు ఇవ్వని గౌరవం లేదు. ఆయన కనిపెట్టిన మందు మాత్రం అర్ధశతాబ్దానికి పైగా ప్రపంచమంతటి రోడ్ల మీద విషాన్ని వెదజల్లినది. తెలిసి చేసినదెంత, తెలియక చేసినదెంత అన్న విచారణ నేటికీ ముగియలేదు.

మిడ్జ్లీ 1889 వ సంవత్సరం మే 18 వ తేదీన పెన్సిల్వేనియా రాష్ట్రంలోని బీవర్ ఫాల్స్ అనే ఊరిలో జన్మించాడు. యంత్రాలు ఆ ఇంటికి కొత్త కావు. తండ్రి చక్రాలకు, టైర్లకు సంబంధించి ఎన్నో కొత్త పద్ధతులు కల్పించినవాడు. తల్లి తండ్రి జేమ్స్ ఎమర్సన్ కోత మిల్లులలో వాడే గుండ్రని రంపానికి పళ్లను విడిగా తొడిగి మార్చుకొనే ఏర్పాటును తెచ్చినవాడు. కుటుంబం ఓహయో రాష్ట్రంలోని కొలంబస్ నగరానికి తరలగా బాలుడు అక్కడనే పెరిగాడు. బేస్‌బాల్ ఆటలో బంతి గాలిలో వంపు తిరగడానికి దేనిని పూస్తే బాగుంటుందా అని ఒక్కొక్క వస్తువునే పరీక్షించి, చివరకు ఒక చెట్టు బెరడులోని జిగురు శ్రేష్ఠమని తేల్చినాడని ఆయన బాల్యాన్ని గురించి చెప్పుకొంటారు. ఓర్పుతో ఒకదాని తరువాత ఒకటి చేసి చూడడం ఆయనకు చివరివరకూ పోని అలవాటు.

1911 లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజనీరింగు పట్టా పొందాడు. రసాయన శాస్త్రంలో పట్టా లేదు. ఆ శాస్త్రాన్ని తరువాత పనిలో దిగి తనంతట తానే నేర్చుకొన్నాడు. అదే సంవత్సరం వివాహం కూడ జరిగినది. ఒక సంవత్సరం డేటన్ నగరంలోని నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలోనూ, తరువాత కొంతకాలం తండ్రితో కలిసి టైర్ల వ్యాపారంలోనూ గడిపి, 1916 లో మరల డేటన్ చేరి ఛార్లెస్ కెటరింగ్ పరిశోధనశాలలో కుదురుకొన్నాడు. ఆ కెటరింగ్ దొరకకపోయి ఉంటే మిడ్జ్లీ పేరు మనకు తెలిసేది కాదేమో.

కెటరింగ్ యౌవనంలో పల్లెటూరి బడిపంతులు. తరువాత ఇంజనీరై, మోటారు కారును చేతితో త్రిప్పవలసిన అవసరం లేకుండ విద్యుత్తుతో కదిలించే స్టార్టరును తయారు చేసినవాడు. 1912 నుండి క్యాడిలాక్ కార్లలో అది వచ్చినది. అంతకుముందు హేండిలు వెనుకకు తన్ని చేతులు విరగగొట్టుకొన్నవారు ఎందరో! ఆ స్టార్టరుతోబాటు బ్యాటరీతో నిప్పురవ్వ పుట్టించే పద్ధతిని కూడ కెటరింగే తెచ్చాడు. దానితో ఒక నింద ఆయనకు చుట్టుకొన్నది. కొత్త కార్లు కొండ ఎక్కేటప్పుడు టకటకలాడుతున్నాయి; కారణం కెటరింగ్ బ్యాటరీయే అని కొందరు ప్రచారం చేశారు. విద్యుత్తు చేరని పల్లెల కోసం ఆయన తయారు చేసిన చిన్న దీపాల యంత్రాలు కూడ ఇదే రోగంతో బాధపడేవి. అగ్నిప్రమాద బీమా నియమాల వల్ల ఆ యంత్రాలలో పెట్రోలుకు బదులు కిరసనాయిలు వాడవలసి వచ్చేది. కిరసనాయిలుతో చప్పుడు మరింత ఎక్కువ. తన పరువు నిలబెట్టుకొనవలసిన కెటరింగ్, అప్పటికి 27 ఏళ్ల వయస్సున్న మిడ్జ్లీకి ఆ పని అప్పగించాడు.

రోగమేదో తెలియనిదే మందు ఎట్లా వెదుకుతారు? ఆనాటి మెకానిక్కులలో చాలమంది నాకింగ్ అంటే ఇంధనం ముందుగా అంటుకొనడమే అనుకొనేవారు. సిలిండరులో ఎక్కడో బొగ్గు పట్టి, అది నిప్పు కణికవలె ఎర్రబడి, స్పార్క్ ప్లగ్గు వెలగకముందే ఇంధనాన్ని రగుల్చునని వారి ఊహ. అటువంటిది జరగకపోదు, దాని పేరు ప్రీ ఇగ్నిషన్. మిడ్జ్లీ ఊహతో తృప్తిపడక సిలిండరు లోపలి ఒత్తిడిని కంటితో చూడదలచాడు. ఒత్తిడిని కొలిచే సాధనానికి చిన్న అద్దం అమర్చి, దాని మీద పడిన కాంతి కిరణం తిరుగుతున్న ఫోటో ఫిల్ముపై గీత గీసేటట్లు ఏర్పాటు చేశాడు. ఆ గీతలో నిజం బయటపడినది. నాకింగు నిప్పురవ్వకు ముందు రావడం లేదు. నిప్పురవ్వ వెలిగి, మంట వ్యాపించడం మొదలైన తరువాతనే ఒత్తిడి ఒక్కసారిగా నిటారుగా ఎగబ్రాకుతున్నది. అంటే కెటరింగ్ బ్యాటరీ నిర్దోషి. దోషమంతా ఇంధనం మండే తీరులోనే ఉన్నది.

ఈ తీరు విద్యార్థులు బాగా తెలుసుకొనదగినది. పిస్టను పైకి వచ్చి గాలిని, ఇంధనపు ఆవిరిని అదిమిపెడుతుంది. ప్లగ్గు దగ్గర రవ్వ వెలుగుతుంది. గడ్డివామికి ఒక మూల నిప్పంటుకొన్నట్లు మంట ఆ మూల నుండి క్రమంగా రెండవ ప్రక్కకు వ్యాపించవలెను. అట్లా వ్యాపిస్తే ఒత్తిడి నిదానంగా పెరిగి పిస్టనును నెడుతుంది. కాని కాలిన భాగం ఉబ్బి, ఇంకా కాలని చివరి భాగాన్ని మరింత అదుముతుంది. అదిమినకొద్దీ అది వేడెక్కుతుంది. మంట వచ్చి చేరేలోపలనే ఆ చివరి భాగమంతా ఒక్క క్షణంలో తనంతట తాను భగ్గుమంటే పుట్టే ఒత్తిడి తరంగాలు సిలిండరు గోడలను కొడతాయి. మనకు వినవచ్చే గలగల ఆ తరంగాల దెబ్బయే. ఇంగ్లండులో హారీ రికార్డో కూడ ఆ రోజులలోనే తన ప్రయోగాల మూలంగా ఇదే నిర్ణయానికి చేరాడు.

ఇది కేవలం చెవికి ఇంపుగాని చప్పుడు మాత్రమే అయితే ఎవరికీ అంత పట్టింపు ఉండేది కాదు. ఇంధనాన్ని ఎంత గట్టిగా అదిమితే ఇంజను అదే పెట్రోలుతో అంత ఎక్కువ పని చేస్తుందని ఇంజనీర్లు ఎరుగుదురు. కాని అదిమినకొద్దీ నాకింగు అడ్డువస్తుంది. అందుచేత ఫోర్డు టి మోడలు వంటి కార్లలో సుమారు నాలుగింట ఒక వంతుకు అదమడంతో సరిపెట్టుకొనేవారు. పైగా కార్ల సంఖ్య ఏటేటా పెరిగిపోతూ, భూమిలోని చమురు త్వరలో అయిపోవునేమో అని అమెరికాలో పెద్ద భయం పుట్టిన రోజులవి. కనుక నాకింగును జయించడమంటే ఉన్న చమురుతో ఎక్కువ దూరం పోగలగడమే.

1916 చివర ఒక తమాషా జరిగినది. మంచు పూర్తిగా కరగకముందే పూచే అడవి తీగ ఒకటి అమెరికాలో ఉన్నది. దాని ఆకుల అడుగు భాగం ఎర్రగా ఉంటుంది. ఆ ఎరుపు వల్లనే ఆకు వేడిని ఎక్కువగా పీల్చుకొని త్వరగా మేల్కొంటుందేమో. కిరసనాయిలుకు కూడ రంగు వేస్తే అది త్వరగా ఆవిరై సరిగా మండుతుందేమో అని కెటరింగూ మిడ్జ్లీ ఊహించారు. మిడ్జ్లీ నూనెలో కరిగే రంగు కోసం స్టోరు గదికి వెళ్లాడు. రంగు లేదు. అక్కడి మనిషి అయొడిన్ నూనెలో కరుగుతుంది, రంగు కూడ ఇస్తుంది అన్నాడు. సరే అని కొంచెం అయొడిన్ కలిపి ఇంజను నడిపితే నాకింగు అణగిపోయినది! మిడ్జ్లీ సంతోషానికి మేర లేకపోయినది. వెంటనే ఊరిలో దొరికిన రంగులన్నీ తెప్పించి ఒక్కొక్కటే వేసి చూచాడు. ఒక్క రంగూ పని చేయలేదు. తరువాత ఏ రంగూ లేని అయొడిన్ సమ్మేళనమొకటి వేస్తే అది చక్కగా పని చేసినది. సిద్ధాంతం తప్పు; ఫలితం ఒప్పు. శాస్త్ర చరిత్రలో ఇటువంటివి చాల ఉన్నా, తన సిద్ధాంతం తప్పని అంత త్వరగా పరీక్షించి తెలుసుకొన్నవారు తక్కువ. రవ్వంత ద్రవ్యం కలిపితే ఇంధనం గుణమే మారిపోతుందన్న ముఖ్య విషయం ఆ పూట తేలినది.

అయొడిన్ ఖరీదైనది, లోహాన్ని తినేది. దానితో కార్లు నడపడం అయ్యే పని కాదు. ఇంతలో అమెరికా మొదటి ప్రపంచయుద్ధంలో దిగినది. మిడ్జ్లీ విమానాలకు తగిన ఇంధనం కోసం బెంజీన్, సైక్లోహెక్సేన్ మిశ్రమాల మీద పని చేశాడు. యుద్ధం ముగిసిన తరువాత పరిశోధనశాల జనరల్ మోటార్స్ సంస్థలో కలిసిపోయినది. 1919 జనవరిలో అనిలీన్ అనే ద్రవం అయొడిన్ కంటె మేలుగా పని చేస్తుందని తెలిసినది. కాని దాని పొగ దుర్గంధం భరించరానిది. తరువాత సెలీనియం, టెల్లూరియం సమ్మేళనాల వంతు వచ్చినది. టెల్లూరియం కంపు గురించి ఎంత చెప్పినా తక్కువే. వెల్లుల్లి కుళ్లినట్లుండే ఆ వాసన ఒంటికి, బట్టలకు పట్టి, స్నానం చేసినా వదిలేది కాదు. ఆ పని చేసేవారి ప్రక్కన కూర్చొనడానికి ఎవరూ ఇష్టపడేవారు కాదు.

అంతవరకు చీకటిలో తడిమినట్లు సాగిన వెదుకులాట 1921 లో ఒక దారికి వచ్చినది. మూలకాలను వాటి గుణాల ననుసరించి పట్టికగా పేర్చి, ఏది ఎంత నాకింగును అణచునో గుర్తులు పెట్టుకొంటూ పోగా ఒక వరుస కనిపించినది. ఒకే జాతి మూలకాలలో క్రిందికి దిగినకొద్దీ, అనగా బరువు పెరిగినకొద్దీ, శక్తి పెరుగుతున్నది. తగరపు సమ్మేళనం కొంత పని చేసినది. అయితే తగరం క్రింద ఉన్న సీసం ఇంకెంత పని చేయవలెను! రసాయన శాస్త్రజ్ఞులకు 1850 ల నుండి తెలిసినదే అయినా ఎవరికీ ఏ ఉపయోగానికీ రాని టెట్రా ఇథైల్ లెడ్ అనే ద్రవాన్ని తయారు చేసి, 1921 డిసెంబరు 9 వ తేదీన ఇంజనులో పోసి చూచారు. నాకింగు మాయమైనది. పలుచన చేసినా, ఇంకా పలుచన చేసినా దాని శక్తి తగ్గలేదు. పెట్రోలులో వేయవ వంతు కూడ అక్కరలేదు. ఆ గదిలో ఉన్నవారు సంతోషంతో గంతులు వేశారంటే ఆశ్చర్యం లేదు. అయిదేళ్ల శ్రమ ఫలించిన రోజది.

అయినా చిక్కులు తీరలేదు. కాలిన సీసం బూడిదవలె ప్లగ్గుల మీద, వాల్వుల మీద పేరుకొని ఇంజనును పాడు చేసేది. దానిని పొగతోబాటు బయటకు పంపడానికి బ్రోమిన్ సమ్మేళనాన్ని కూడ కలపవలసి వచ్చినది. అంత బ్రోమిన్ ఎక్కడిది? సముద్రపు నీటి నుండి తీయడానికి ఓడను కూడ పంపి ప్రయోగాలు చేసి, చివరకు ఉత్తర కెరొలైనా తీరాన 1934 లో పెద్ద కర్మాగారమే నెలకొల్పారు. ఇంజనులో నుండి సీసాన్ని వెళ్లగొట్టే మార్గం అంత శ్రద్ధగా వెదికినవారు, ఆ సీసం వెళ్లి చేరేది ఎక్కడికని అంత శ్రద్ధగా ఆలోచించలేదు. మొత్తం చరిత్రలో బాధ కలిగించే ఘట్టం ఇదే.

1923 ఫిబ్రవరిలో డేటన్ నగరంలోని ఒక పెట్రోలు బంకులో ఈ కొత్త పెట్రోలు మొదటిసారిగా అమ్మకానికి వచ్చినది. దానికి ఇథైల్ అని ముచ్చటైన పేరు పెట్టారు. సీసం అన్న మాట ఆ పేరులో ఎక్కడా లేదు. ఆ మే నెలలో ఇండియానాపోలిస్ కార్ల పందెంలో మొదటి మూడు స్థానాలు గెలిచిన బండ్లు ఈ పెట్రోలుతోనే పరుగెత్తినవి. మిడ్జ్లీకి అదే సంవత్సరం అమెరికన్ కెమికల్ సొసైటీ వారి నికొల్స్ పతకం లభించినది. కాని అప్పటికే ఆయన ఒంట్లో సీసం చేరి ఉన్నది. ఊపిరితిత్తులకు స్వచ్ఛమైన గాలి కావలెనని ఆ సంవత్సరం మొదట్లో పనులన్నీ మానుకొని ఫ్లారిడా వెళ్లి విశ్రాంతి తీసుకొన్నాడు. సీసం విషమన్నది క్రొత్త సంగతి కాదు. రంగులు వేసేవారికి, అచ్చు కూర్చేవారికి సీసం చేసే కీడు వైద్యులకు చిరకాలంగా తెలుసు. మిడ్జ్లీకి తన ఒంటి మీదనే తెలిసినది.

1924 అక్టోబరులో ఘోరం జరిగినది. న్యూజెర్సీలోని బేవే చమురు శుద్ధి కర్మాగారంలో టెట్రా ఇథైల్ లెడ్ తయారు చేస్తున్న పనివారు ఉన్నట్లుండి మతిచలించి కేకలు వేయనారంభించారు. కొందరిని కట్టివేసి ఆసుపత్రికి తరలించవలసి వచ్చినది. కొద్ది రోజులలో అయిదుగురు మరణించారు. ముప్ఫైమందికి పైగా తీవ్రంగా జబ్బుపడ్డారు. డేటన్‌లోనూ, డూపాంట్ వారి డీప్‌వాటర్ కర్మాగారంలోనూ కూడ పనివారు చనిపోయిన సంగతి బయటికి వచ్చినది. డీప్‌వాటరులో రోగులు లేని పురుగులను గాలిలో చూచి చేతులతో తోలుకొనేవారట. పత్రికలు దీనికి పిచ్చి గ్యాసు అని పేరు పెట్టినవి. కొన్ని నగరాలు అమ్మకాన్ని నిషేధించినవి.

ఆ నెల 30 వ తేదీన మిడ్జ్లీ విలేఖరులను పిలిచి వారి ఎదుట టెట్రా ఇథైల్ లెడ్ సీసా తెరిచాడు. ఆ ద్రవంతో చేతులు కడుగుకొన్నాడు. సీసాను ముక్కు దగ్గర పెట్టుకొని ఒక నిమిషం పాటు వాసన పీల్చాడు. ప్రతి దినం ఇట్లా చేసినా తనకు ఏ హానీ రాదని నమ్మబలికాడు. ఇరవై నెలల క్రిందట సీసపు జబ్బుతో ఫ్లారిడా వెళ్లినవాడు ఈ మాట ఎట్లా అనగలిగాడు? కంపెనీని కాపాడవలెనన్న తొందరయా, తన బిడ్డ వంటి ఆవిష్కారం మీద గుడ్డి ప్రేమయా, పెట్రోలులో కలిసిన కొద్దిపాటి సీసం నిజంగా హాని చేయదన్న నమ్మకమా? మూడూ కొంత కొంత ఉండి ఉండవచ్చును. కాని ఆ నిమిషం ఆయన కీర్తి మీద పడిన మచ్చ తుడిచివేయరానిది.

1925 మే నెలలో అమ్మకం ఆగిపోయినది. వాషింగ్టనులో సర్జన్ జనరల్ ఏర్పాటు చేసిన సభలో రెండు పక్షాలూ వాదించుకొన్నవి. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కర్మాగారాల వ్యాధులను అధ్యయనం చేసిన ఆలిస్ హామిల్టన్ అనే విదుషి, యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన యాండెల్ హెండర్సన్ దీనిని తీవ్రంగా వ్యతిరేకించారు. ఒక కర్మాగారంలో జరిగే ప్రమాదం కంటె, రోడ్ల మీద ప్రతి దినం కొంచెం కొంచెంగా కోట్లాది జనం పీల్చే సీసమే ఎక్కువ భయంకరమని వారి వాదం. రెండవ పక్షం వారు నాగరకత ముందుకు సాగవలెనంటే ఈ ద్రవ్యం తప్పదన్నారు. నిజానికి తప్పనిసరి కాదు. ఆల్కహాలు కూడ నాకింగును అణచునని మిడ్జ్లీ బాగా ఎరుగును. దాని మీద ఆయనే పని చేశాడు. కాని ఆల్కహాలు చాల పాళ్లు కలపవలెను. ఎవరైనా తయారు చేసుకొనగలరు. దాని మీద గుత్తాధిపత్యం సంపాదించడం కష్టం. సీసం చెంచాడు చాలును. పేటెంటు చేతిలో ఉన్నది. విచారణ సంఘం డ్రైవర్లను, గ్యారేజీ పనివారిని కొద్ది నెలలు పరీక్షించి, నిషేధించడానికి తగిన కారణం కనిపించలేదని, అయినా ఇంకా చాలకాలం పరిశీలించవలెనని 1926 జనవరిలో నివేదించినది. మొదటి భాగాన్ని అందరూ విన్నారు. రెండవ భాగాన్ని ప్రభుత్వమే పాటించలేదు. అమ్మకం మరల సాగినది.

అక్కడినుండి ఇంజనుల చరిత్ర పరుగులు తీసినది. ఏ పెట్రోలు ఎంత నాకింగును ఓర్చుకొంటుందో కొలవడానికి గ్రాహం ఎడ్గార్ అనే రసాయనికుడు 1926 లో ఒక కొలబద్ద ఏర్పాటు చేశాడు. వెంటనే టకటకలాడే హెప్టేన్‌కు సున్న, బాగా ఓర్చుకొనే ఐసో ఆక్టేన్‌కు 100. ఆక్టేన్ నంబరు అన్న మాట అట్లా పుట్టినది. 1940 లో ఇంగ్లండు గగనతలాన్ని కాపాడిన స్పిట్‌ఫైర్ విమానాలు సీసం కలిసిన 100 ఆక్టేన్ పెట్రోలుతో ఎగిరినవి. మిడ్జ్లీ వల్ల కలిగిన మేలును లెక్కించేటప్పుడు దీనిని కూడ లెక్కించవలసి ఉన్నది.

ఇంధనం ఒక్కటే మందు కాదన్నది కూడ ఆనాటి పరిశోధనలలోనే స్పష్టమైనది. కారు మొరపెడితే మొదట చూడవలసినది అందులో పోసిన పెట్రోలు ఇంజనుకు చెప్పిన ఆక్టేనుకు తగినదా అన్నది. తగినదే అయితే రవ్వ వెలిగే సమయం చూడవలెను. అది మరీ ముందుకు జరిగి ఉంటే కొంచెం వెనుకకు త్రిప్పగానే చప్పుడు తగ్గుతుంది. రేడియేటరులో నీరు తగ్గి ఇంజను మితిమీరి వేడెక్కినా, ఇంధనం పాలు తగ్గి గాలి ఎక్కువైనా నాకింగు వస్తుంది. ఏళ్ల తరబడి నడిచిన ఇంజనులో పిస్టను తల మీద బొగ్గు దళసరిగా పేరుకొంటే లోపలి చోటు తగ్గి అదుము పెరుగుతుంది. దానిని గీకి శుభ్రం చేయవలసినదే. డ్రైవరు చేతిలో ఉన్న చికిత్స మరొకటి: కొండ మీద పై గేరులోనే ఈడ్చకుండ క్రింది గేరుకు మారడం. ఇవన్నీ చేసినా చప్పుడు మానకపోతే అప్పుడు బేరింగులను అనుమానించవలెను. టకటకను వినీ విననట్లు ఊరుకొంటే పిస్టను తల పగులవచ్చు, కరగను కూడ వచ్చు.

మిడ్జ్లీ 1928 లో మరొక పని చేపట్టాడు. ఆనాటి రిఫ్రిజిరేటర్లలో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్ వంటి విషవాయువులు వాడేవారు. గొట్టం పగిలితే ఇంటిల్లిపాదికీ ప్రాణగండం. మరల మూలకాల పట్టిక ముందు కూర్చొని, ఫ్లోరిన్ మీద దృష్టి నిలిపి, మిడ్జ్లీ సహచరులతో కలిసి కొద్ది రోజులలోనే ఫ్రియాన్ వాయువును కనిపెట్టాడు. 1930 లో శాస్త్రజ్ఞుల సభలో దానిని తన గుండెల నిండ పీల్చి, మెల్లగా వదలి వెలుగుతున్న క్రొవ్వొత్తిని ఆర్పి, అది విషం కాదనీ మండదనీ ఒక్కసారిగా చూపించాడు. ఈసారి చూపినది నిజమే. ఆ వాయువు ఆకాశంలో ఓజోను పొరను తినివేయగలదని 1974 లో మొలీనా, రోలండ్ అనే శాస్త్రజ్ఞులు చెప్పేవరకు ఎవరికీ తోచలేదు. అందుచేత ఫ్రియాన్ విషయంలో ఆయనను నిందించడం న్యాయం కాదు. సీసం సంగతి వేరు.

సన్మానాలు వరుసగా వచ్చినవి: 1937 లో పెర్కిన్ పతకం, 1941 లో ప్రీస్ట్‌లీ పతకం, 1942 లో విలర్డ్ గిబ్స్ పతకం. 1944 లో అమెరికన్ కెమికల్ సొసైటీ అధ్యక్ష పదవి. నూరుకు పైగా పేటెంట్లు. కాని 1940 లోనే, 51 వ ఏట, పోలియో వ్యాధి సోకి కాళ్లు చచ్చుబడినవి. సభలకు పోలేక మంచం మీదనుండే టెలిఫోనులో ఉపన్యసించిన సందర్భాలు ఉన్నవి. ఇతరులు ఎత్తి కూర్చోబెట్టడం ఇష్టం లేక, త్రాళ్లు, కప్పీలు అమర్చి మంచం మీదనుండి తానే లేవడానికి ఒక సాధనం కల్పించుకొన్నాడు. 1944 నవంబరు 2 వ తేదీన ఓహయోలోని వర్తింగ్టన్‌లో, తన ఇంటిలో, ఆ త్రాళ్లు మెడకు బిగుసుకొని మరణించాడు. వయస్సు 55 సంవత్సరాలు.

ఆయన గురువు కెటరింగ్ 1958 వరకు జీవించాడు. ఆయన కూడ ఈ కథ చివర చూడలేదు. భూమి వయస్సును సీసంతో లెక్కకట్టిన క్లేర్ ప్యాటర్సన్ తన పరిశోధనశాలలో ఏ మూల చూచినా సీసపు ధూళే కనిపించడంతో ఆశ్చర్యపడి, అది ఎక్కడిదని వెదుకుతూ పోయి, మనుషుల ఒంట్లోని సీసం సహజమైన దాని కంటె ఎన్నో రెట్లు పెరిగినదని 1965 లో ప్రకటించాడు. కొంచెం సీసమైనా పసిపిల్లల మెదడుకు హాని చేయునని తరువాతి దశాబ్దంలో వైద్యులు నిరూపించారు. 1975 నుండి అమెరికా కార్లలో పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టరు వచ్చినది. సీసం దానిని కూడ పాడు చేస్తుంది గనుక సీసం లేని పెట్రోలు తప్పనిసరి అయినది. అమెరికాలో 1996 నుండి రోడ్డు వాహనాలకు సీసపు పెట్రోలు పూర్తిగా నిషిద్ధం. మన దేశంలో 1995 లో నాలుగు మహానగరాలలో సీసం లేని పెట్రోలు అమ్మకం మొదలై, 2000 ఫిబ్రవరి నుండి దేశమంతటా సీసపు పెట్రోలు నిలిచిపోయినది. చివరిదైన అల్జీరియా 2021 లో మానుకొన్నది.

మొర మాత్రం మరొక దారిన మాన్పుతున్నారు. పెట్రోలును శుద్ధి చేసే పద్ధతులే మారి ఆక్టేను పెరిగినది. మిడ్జ్లీ ఎరిగి ప్రక్కకు పెట్టిన ఆల్కహాలును చెరకు మడ్డి నుండి, ధాన్యం నుండి తీసి మన బంకులలోనే పెట్రోలుతో కలిపి పోస్తున్నారు. ఇంజను ఒంటికి బిగించిన చిన్న స్ఫటికం మెకానిక్కు చెవి కంటె ముందుగా టకటకను పసిగట్టి, రవ్వ వెలిగే క్షణాన్ని తానే వెనుకకు జరుపుతుంది. పిస్టను ఇంజనులతో ఎగిరే చిన్న విమానాలలో మాత్రం సీసం కలిసిన పెట్రోలు వాడకం ఇంకా పూర్తిగా పోలేదు.